మనసు బాగుచేసే వాళ్లకు పాఠం చెప్పిందెవరు? వర్ని నుంచి శక్కర్‌నగర్ దాకా



పోయిన రెండు భాగాలు నిజాంసాగర్ నీళ్ల మీద, ఆ నీళ్ల కింద భూమి ఎవరి చేతికి పోయిందన్న దాని మీద రాశాను. ఈసారి మనసు మీద. సైకాలజీ, సోషల్ వర్క్ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ మధ్య ఒకే మాట అడుగుతున్నారు. "అన్నా, కౌన్సెలర్ తటస్థంగా ఉండాలని క్లాసులో చెప్పారు. కులం, రాజకీయం, భావజాలం చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి రావాలట. మీరేమో అన్నిట్లోకీ రాజకీయం తెస్తారు."

ఈ గొడవ మన ఒక్కచోటే లేదు. అమెరికాలో థెరపిస్టుల చదువులో జాతి, లింగం, అణచివేత గురించి చెప్పాలా వద్దా అని యూనివర్సిటీల్లో పెద్ద కొట్లాటే నడుస్తోంది. చెప్తే చదువు పాడైపోతుందని ఒక పక్షం, చెప్పకపోతే అసలు చదువే కాదని ఇంకో పక్షం. అదే అమెరికాలో 1851లో కార్ట్‌రైట్ అనే డాక్టర్, యజమాని దగ్గర్నుంచి పారిపోయే బానిసకు ఒక మానసిక జబ్బు ఉందని చెప్పి దానికి 'డ్రాపెటోమేనియా' అని పేరు పెట్టాడు. ఆ మనిషి దృష్టిలో ఆయన చేసింది రాజకీయం కాదు, వైద్యం.

నేను అడిగేది వేరే ప్రశ్న. మన ఊళ్లకు వచ్చి మన మనసులు సరిచేస్తామన్న వాళ్లు ఎక్కడ చదువుకున్నారు? ఏం చదువుకున్నారు? ఆ చదువుకు పైసలు ఎవరిచ్చారు? నిజామాబాద్, బోధన్, వర్ని చుట్టూ తిరిగితే ఈ లెక్క చాలావరకు తేలుతుంది.

మొదట జోగిని దగ్గర మొదలుపెడదాం. మన జిల్లాలో మాల, మాదిగ ఆడపిల్లలను ఎల్లమ్మకో, పోచమ్మకో ఇచ్చి పెళ్లి చేసే ఆచారం గురించి మీకు నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. పిల్లకు చిన్నప్పటి నుంచి ఒకటే నూరిపోస్తారు: నువ్వు దేవుని దానివి, నీకు మొగుడు లేడు, నువ్వు కాదంటే ఊరికి అరిష్టం. దేవుడు మాత్రం ఎప్పుడూ ఆ ఇంటికి రాలేదు. వచ్చింది దొర, పటేల్, వాళ్ల కొడుకులు. ఇది కూడా మనసుకు ఇచ్చిన శిక్షణే. ఒక పిల్ల తన మీద జరిగే దాన్ని తన భాగ్యం అనుకునేటట్టు తయారుచేయడానికి ఊరంతా కలిసి నడిపిన బడి అది.

ఆ బడికి ఎదురు నిలబడ్డవాళ్లలో ముందు నిలిచే పేరు భాగ్యరెడ్డి వర్మది. 1888లో పుట్టి 1939లో పోయిన ఆ మనిషి, 1906లో హైదరాబాద్‌లో జగన్ మిత్ర మండలి పెట్టి హరికథలు, భజనలతో వాడవాడకూ తిరిగాడు. జోగినిని, దేవదాసిని ఆపమన్నాడు. కల్లు, సారా మానమన్నాడు. ఆయన దగ్గర డిగ్రీ లేదు. ఆయన తయారుచేసిన కార్యకర్తలకు సర్టిఫికెట్లు లేవు. కానీ వాళ్లు ఇంటింటికీ పోయి చేసింది కౌన్సెలింగే. ఆ కౌన్సెలింగ్‌కు పునాది ఒక రాజకీయ వాక్యం: మనం ఈ నేల ఆది హిందువులం, ఎవరికీ తక్కువ కాదు. ఆ వాక్యం తీసేస్తే మిగిలేది 'తాగుడు మాను, బిడ్డను బడికి పంపు' అనే నీతిబోధ. అటువంటి నీతిబోధ మన వాడల్లో ఎవరు చేసినా మనవాళ్లు తలకాయ ఊపి ఇంటికి పోతారు, అంతే.

అదే కాలంలో కృష్ణకు అవతల, మద్రాసు రాష్ట్రంలోని తెలుగు నేల మీద, మనసు బాగుచేసే ఇంకో దుకాణం తెరిచారు. 1871 నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఎరుకలను, ఇంకొన్ని సంచార కులాలను 'పుట్టుక నేరస్థులు' అని రాసి, 1910ల్లో స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లు కట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. ఆ సంస్థను నడిపిన బూత్ టక్కర్ తన పద్ధతికి 'క్రిమినోక్యూరాలజీ' అని పేరు పెట్టుకున్నాడు. నేరానికి వైద్యం అన్నమాట. ప్రార్థన, పని, హాజరు, ఇదే మందు.

ఎరుకలు ఉప్పు, ధాన్యం గాడిదల మీద మోసి ఊరూరా అమ్మిన వర్తకులు. రైళ్లు వచ్చి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగించి, ఆ బతుకు పోయింది. పోయిన బతుకు సంగతి ఆ శిక్షణలో లేదు. నేరం నెత్తుట్లో ఉందన్నారు, దాన్ని క్రమశిక్షణతో కడగాలన్నారు. అట్లా కడిగిన మనుషులు చీరాల పొగాకు కంపెనీకి కూలీలుగా పోయారు. వైద్యం ఎవరికి లాభమైందో చూడండి. ఆ చట్టం స్వతంత్రం వచ్చాక 1952లో గానీ పోలేదు. పోయినా ముద్ర పోలేదు.

స్టువర్టుపురానికీ మన వర్నికీ ఏం సంబంధం అని అడుగుతారేమో. ఉంది. ఆ సంబంధం పేరు హేమలతా లవణం.

ఆమె మహాకవి గుర్రం జాషువా బిడ్డ. భర్త లవణం, విజయవాడ నాస్తిక కేంద్రం గోరా కొడుకు. ఇద్దరూ వినోబా వెంట నడిచినవాళ్లు. 1970ల్లో స్టువర్టుపురంలో 'సంస్కార్' అనే సంస్థతో పనిచేశారు. బూత్ టక్కర్ 'నేరం' చూసిన చోట వీళ్లు మనుషులను చూశారు. పోలీసు హాజరు లేకుండా, జైల్లో ఉన్నవాళ్లతో, బయట వాళ్ల పెళ్లాం పిల్లలతో కూర్చొని మాట్లాడారు. తర్వాత 1980ల్లో ఆమె మన జిల్లాకు వచ్చి జోగినుల మధ్య పనిచేసింది. వర్నిలో 'చెల్లి నిలయం' పెట్టింది. పేరు గమనించండి. అనాథాశ్రమం అనలేదు, రక్షణాలయం అనలేదు. ఊరంతా ఒక తీరుగా పిలిచే ఆడమనిషిని చెల్లీ అని పిలవడం, ఆ ఒక్క పిలుపులోనే సగం చికిత్స ఉంది. 2008లో ఆమె పోయింది. ఇప్పటి పిల్లలకు ఆమె పేరు తెలియకపోవడం మన తప్పే.

ఇక్కడ సైకాలజీ విద్యార్థి ఆగి ఆలోచించాలి. పాఠ్యపుస్తకం ఏం చెప్తుంది? వచ్చిన మనిషి విశ్వాసాన్ని గౌరవించు, నీ అభిప్రాయం రుద్దకు. మంచిమాటే. కానీ జోగిని 'నేను ఎల్లమ్మ దాన్ని' అన్నప్పుడు ఆ విశ్వాసాన్ని గౌరవించి ఊరుకుంటే ఎవరి పక్షాన నిలబడ్డట్టు? నాస్తిక కేంద్రం నుంచి వచ్చిన కార్యకర్తకు ఆ సందిగ్ధం లేదు. ఏ దేవతా నిన్ను కట్టుకోలేదు తల్లీ, ఇది మనుషులు చేసిన పని అని చెప్పే భావజాలం వాళ్లకు ముందే ఉంది. తటస్థంగా లేకపోవడం వల్లనే వాళ్లు పనికొచ్చారు.

అట్లాగని వాళ్ల భావజాలానికి హద్దులు లేవని కాదు. గాంధేయ సంస్కరణలో మార్పు అనేది మనిషి లోపల మొదలవుతుంది. అందుకే జోగినుల పునరావాసంలో పెళ్లికి పెద్దపీట పడింది. సర్కారుకు కూడా పెళ్లి అంటే సులువు. ఒక మొగోడిని చూపి, కొంత సాయం చేసి, రిజిస్టర్‌లో ఒక కేసు మూసేయొచ్చు. ఆమెకు భూమి కావాలా, పిల్లలకు తండ్రి పేరు రాయించాలా, ఇన్నేండ్లు ఆమె ఇంటికి వచ్చిన పెద్దమనిషిని ఏం చేయాలి? ఆ పెద్దమనిషికి కౌన్సెలింగ్ ఇచ్చిన ఒక్క సంస్థ పేరు నేను వినలేదు. 1988లో వచ్చిన దేవదాసీ నిషేధ చట్టం కూడా దేవతకు అర్పించే తంతునే నేరం చేసింది. ఆ తంతు వల్ల తరతరాలు సుఖపడ్డ వాళ్ల జోలికి పోలేదు.

ఇప్పుడు బోధన్‌కు వద్దాం.

1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. ఊరికి శక్కర్‌నగర్ అని పేరు పడింది. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు, గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి 'క్యాంపులు' కట్టుకున్న రైతులు, వాళ్ల చెరుకు, ఆ చెరుకు కొట్టే మన చేతులు. ఈ కథ పోయిన భాగంలో చెప్పాను. ఇప్పుడు చూడాల్సింది ఫ్యాక్టరీ లోపలి ఒక చిన్న కుర్చీ. 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ ప్రకారం 500 మంది, అంతకు మించి కార్మికులు ఉన్న చోట వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలన్న నియమం ఉండేది. కార్మికుని గోస వినడం అతని పని. జీతం ఇచ్చేది మాత్రం యాజమాన్యం.

ఈ వెల్ఫేర్ ఆఫీసర్లను తయారుచేసే చదువు మన దేశంలో 1936లో బొంబాయిలో మొదలైంది. టాటా డబ్బుతో పెట్టిన ఆ సోషల్ వర్క్ స్కూలే తర్వాత టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయింది. మొదటి డైరెక్టర్ క్లిఫర్డ్ మాన్‌షార్ట్, అమెరికా నుంచి వచ్చిన మిషనరీ. చదువు కూడా ఎక్కువగా అమెరికా నుంచే వచ్చింది. అందులో గుండెకాయ 'కేస్ వర్క్'. ఒక మనిషి, ఒక ఫైలు, ఒక సమస్య. కుటుంబ చరిత్ర రాయి, అలవాట్లు రాయి, సర్దుకుపోయేటట్టు సాయపడు. అమెరికాలో ధర్మసంస్థలు పేదలకు బియ్యం, బొగ్గు ఇచ్చే ముందు వాళ్లు అర్హులా కాదా అని ఇంటికొచ్చి ఆరా తీసేవి. ఆ ఆరాను పద్ధతిగా మార్చి మేరీ రిచ్‌మండ్ 1917లో పుస్తకం రాసింది. ఆ ఫైలు చేతులు మారి మన మిల్లుల్లోకి వచ్చింది.

ఆ ఫైలులో కార్మికుడు ఎందుకు డ్యూటీకి రాలేదు అన్న గడి ఉంటుంది. తాగుడు, అప్పు, పెళ్లి ఖర్చు, నిరక్షరాస్యత అని రాయొచ్చు. సీజన్ అయిపోగానే పని నుంచి తీసేస్తే మిగతా ఆరేడు నెలలు ఏం తినాలి అన్న గడి ఎక్కడుంది? పర్మినెంట్ ఎవరు, సీజనల్ ఎవరు, చెరుకు కొట్టేది ఎవరు అని కులం వారీగా లెక్క తీసే గడి ఎక్కడుంది? చెడ్డ ఆఫీసర్లు అని నేను అనడం లేదు. మంచి ఆఫీసర్ కూడా తనకు నేర్పిన గడులే నింపుతాడు.

ఇదే కాలంలో ఇంకో దారి కూడా ఉండింది. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఉన్నది బాబాసాహెబ్. బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధి, పని గంటల తగ్గింపు, ఇవన్నీ ఆయన చేతి మీదుగా నడిచాయి. ఆయన దగ్గర సంక్షేమం అంటే చట్టంలో రాసుకున్న హక్కు, నిధి, గంటలు. కార్మికుని స్వభావం బాగుచేయడం ఆయన ఎజెండాలో లేదు. సోషల్ వర్క్ బడులు చాలాకాలం ఆ అంబేద్కర్‌ను తమ గురువుల జాబితాలో పెట్టుకోలేదు. దళిత, ఆదివాసీ దృష్టితో సోషల్ వర్క్ చదువు అని టాటా ఇన్‌స్టిట్యూట్‌లోనే ఒక ప్రత్యేక ఎంఏ వచ్చేదాకా దశాబ్దాలు పట్టింది. దాన్ని నిలబెట్టింది అక్కడికి పోయిన దళిత, ఆదివాసీ అధ్యాపకులు, విద్యార్థులే.

తొంభైల్లో గాలి మారింది. లేబర్ వెల్ఫేర్ చదువు మెల్లగా హ్యూమన్ రిసోర్సెస్ అయింది. కుర్చీ అదే, కార్మికుని గోస వినాల్సిన మనిషి కార్మికుని తగ్గించే పనికి వచ్చాడు. 1998లో ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్‌కు పెద్ద అప్పు ఇచ్చింది. ప్రభుత్వ సంస్థలను అమ్మే కార్యక్రమానికి బ్రిటిష్ ప్రభుత్వ సాయ సంస్థ డీఎఫ్‌ఐడీ డబ్బు పెట్టింది. సలహా ఇవ్వడానికి వచ్చింది ఆడమ్ స్మిత్ ఇన్‌స్టిట్యూట్ కన్సల్టెన్సీ. థాచర్ కాలం నుంచి ప్రైవేటీకరణకు జెండా మోసిన సంస్థ పేరు అది. భావజాలం దాచుకోలేదు, బోర్డు మీదే రాసుకున్నారు.

ఆ కార్యక్రమంలో 'సోషల్ సేఫ్టీ నెట్' అని ఒక భాగం ఉంది. స్వచ్ఛంద పదవీ విరమణ, అంటే వీఆర్‌ఎస్ తీసుకున్న వాళ్లకు కౌన్సెలింగ్, కొత్త శిక్షణ. కేంద్రం దగ్గర కూడా అదే కాలంలో అదే మాటతో పథకం వచ్చింది: కౌన్సెలింగ్, రీట్రైనింగ్, రీడిప్లాయ్‌మెంట్. మూడు మాటల్లో మొదటిది కౌన్సెలింగ్ అని గుర్తుపెట్టుకోండి. ముందు మనిషిని ఒప్పించాలి, మిగతావి తర్వాత.

2002లో నిజాం షుగర్స్‌లో 51 శాతం గోల్డ్‌స్టోన్ గ్రూపుకు చెందిన డెల్టా పేపర్ మిల్స్‌కు పోయింది. నిజాం దక్కన్ షుగర్స్ అని కొత్త పేరు. తర్వాత శాసనసభ కమిటీయే ఆ అమ్మకాన్ని తప్పుపట్టింది. 2015 డిసెంబరులో లేఆఫ్ బోర్డు పెట్టి బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి మూడు చోట్లా గేట్లు మూశారు.

ఇటువంటి పథకాల్లో పనిచేసే కౌన్సెలర్‌కు ఏం నేర్పుతారు? మార్పు సహజం. గతాన్ని పట్టుకుని వేలాడొద్దు. నీలో ఏ నైపుణ్యం ఉందో చూసుకో. వచ్చిన పైసలు ఖర్చు చేయకు, చిన్న దుకాణం పెట్టు. 1998లో అమెరికాలో వచ్చిన 'హూ మూవ్డ్ మై చీజ్' అనే చిన్న పుస్తకాన్ని కంపెనీలు వేల కాపీలు కొని, ఉద్యోగాలు తీసేసే ముందు సిబ్బందికి పంచాయి. ఎలుకలు, జున్ను ముక్క కథ. జున్ను ఎవరో తీసుకుపోయారు, ఏడవకు, వేరేచోట వెతుక్కో అని దాని సారం. తీసుకుపోయింది ఎవరు అని పుస్తకం పేరు అడుగుతుంది, లోపల మాత్రం ఆ ప్రశ్నకు జవాబు ఉండదు. మన తెలుగులో వ్యక్తిత్వ వికాస పుస్తకాలు కుప్పలుగా వచ్చిందీ ఈ కాలంలోనే. ఈ రెండూ ఒకేసారి రావడం కాకతాళీయమని నేను అనుకోను. ఫ్యాక్టరీ అమ్ముతున్నప్పుడు 'ఎవరు అమ్మారు, ఎంతకు అమ్మారు' అని యూనియన్ అడుగుతుంది. 'నీ వైఖరి ఎట్లా ఉంది' అని కౌన్సెలర్ అడుగుతాడు. రెండో ప్రశ్నకు జీతం ఉంది.

శక్కర్‌నగర్ గేటు మూసిన ఆ 2015లోనే, సెప్టెంబరులో, మన జిల్లాలో ఇంకొకటి జరిగింది. కల్తీ కల్లు మీద సర్కారు దాడులు చేసింది. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ కాబట్టి డైజెపాం, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన మందు కల్లు ఏండ్ల తరబడి అమ్మారు. ఒక్కసారి ఆగేసరికి మనుషులు వణికారు, ఫిట్స్ వచ్చాయి, పిచ్చిగా మాట్లాడారు. నిజామాబాద్, మహబూబ్‌నగర్ దవాఖానలు నిండాయి, ఎర్రగడ్డకు బస్సులెక్కించారు. చచ్చినవాళ్లూ ఉన్నారు.

అల్ప్రాజోలం అంటే ఏంటి? ఆందోళన తగ్గించడానికి మానసిక వైద్యుడు చీటీ మీద రాసే గోలీ. అంటే బీడీలు చుట్టి, నాట్లేసి, ఇటుకలు మోసి నడుం విరిగిన మన జనం వైద్యుడూ, చీటీ, మోతాదూ లేకుండా ఏండ్ల పాటు మానసిక చికిత్స తీసుకున్నారన్నమాట. అమ్మినవాడు లాభపడ్డాడు, లైసెన్సు ఫీజులతో సర్కారు లాభపడింది. దవాఖానలో పడుకున్న మనిషికి చెప్పింది మాత్రం 'మనసు గట్టి చేసుకో, మానెయ్' అని. గోలీకి అలవాటు పడిన ఒంటికి ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుందన్నది మొదటి సంవత్సరం పాఠం. అది సంకల్ప బలం సంగతి కాదు. ఆబ్కారీ సంగతి.

దీని పక్కన 1992 పెట్టి చూడండి. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి పోయిన ఆడవాళ్లు. అక్షరాస్యత వాచకంలో తాగుడు మీద, ఆడవాళ్లు ఏకం కావడం మీద పాఠాలు పెట్టారు. ఆ వాచకం రాసినవాళ్లకు, చెప్పినవాళ్లకు భావజాలం ఉంది, దాచలేదు. 'నా మొగుడు తాగుబోతు' అని ఒక్కతే ఏడ్చే ఆమె 'మా ఊరికి సారా ఎవడు తెస్తున్నాడు' అని పదిమందితో కలిసి అడిగింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా బందైంది. అందరికీ వేర్వేరుగా ఫైలు తెరిచి కేస్ వర్క్ చేసి ఉంటే ఆ సారా ఇంకా అమ్ముతూనే ఉండేవారు.

ఇప్పుడు తటస్థం అంటున్న చదువు లోపల ఏముందో ఒక్క ఉదాహరణ. డిప్రెషన్ ఉందో లేదో చూడటానికి మన పీహెచ్‌సీల్లో, కాలేజీల్లో, ఫోన్ హెల్ప్‌లైన్లలో వాడే తొమ్మిది ప్రశ్నల కాగితం, పీహెచ్‌క్యూ-9. దీన్ని 1990ల చివర్లో అమెరికాలో తయారుచేసిన పరిశోధనకు డబ్బిచ్చింది ఫైజర్. డిప్రెషన్ గోలీలు అమ్మే కంపెనీ. పనికిరాని కాగితం అని నేను అనడం లేదు, చాలామందిని అది పట్టి దవాఖానకు చేర్చింది. అది గత రెండు వారాల సంగతి అడుగుతుంది. నిద్ర, ఆకలి, అలసట, నువ్వు విఫలమయ్యానని అనుకుంటున్నావా అని. చెరుకు బిల్లు ఎన్ని నెలలుగా రాలేదు, హాస్టల్‌లో నిన్ను ఏమని పిలుస్తున్నారు, దుబాయ్ అప్పుకు మిత్తి ఎంత అని అడగదు. అడగకపోవడం కూడా ఒక పక్షమే.

పైగా భాష. మన అమ్మలు డిప్రెషన్ అనరు. 'రంది పట్టుకుంది బిడ్డా' అంటారు. 'మనాదితోటి మంచం పట్టింది' అంటారు. 'బుగులైతుంది' అంటారు. రంది అన్నప్పుడు దాని వెనక ఎప్పుడూ ఒక కారణం ఉంటుంది. బిడ్డ రంది, అప్పు రంది, భూమి రంది. దేని రందో చెప్పకుండా ఊరికే రంది ఉందంటే వినేవాళ్లు 'దేనిదే' అని అడుగుతారు. అనువాదం చేసిన ప్రశ్నల కాగితం ఆ 'దేనిదే'ను కత్తిరించి లక్షణాన్ని మాత్రం ఉంచుకుంటుంది. ఇంగ్లీషులో చదివి, ఇంగ్లీషులో పరీక్ష రాసి, తెలంగాణ పల్లె మాట వినగానే నవ్వొచ్చే మనిషిని కౌన్సెలర్ కుర్చీలో కూర్చోబెడితే, వాడల నుంచి వచ్చిన అమ్మాయి రెండోసారి ఆ గదికి పోదు.

రోహిత్‌ను గుర్తుచేసుకోండి. 2016 జనవరి 17. సస్పెన్షన్, హాస్టల్ నుంచి వెలివేత, ఆగిన ఫెలోషిప్, ఇవన్నీ కళ్ల ముందు ఉండగా, అతని చావు వ్యక్తిగత నిరాశ అని వాదించినవాళ్లు ఉన్నారు. అంతకు ముందే, 2007లో, థోరట్ కమిటీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల మీద వివక్ష ఎట్లా నడుస్తుందో రాసి ఇచ్చింది. ఆ నివేదిక క్లినికల్ సైకాలజీ క్లాసుల్లో పాఠంగా ఎక్కడ చెప్తున్నారో నాకు తెలిసినవాళ్లెవరూ చూపించలేకపోయారు. డాక్టర్లు తయారయ్యే చోటే జరిగిన సంగతి అది. అంతకంటే దగ్గరి పాఠం ఏముంటుంది?

చట్టం మాత్రం మన పక్షాన కొంత ఉంది, దీన్ని విద్యార్థులు కంఠస్థం చేయాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం మూడో సెక్షన్ ప్రకారం ఒక మనిషి రాజకీయ, ఆర్థిక, సామాజిక హోదాను బట్టి, ఊరి నీతికి, మత విశ్వాసానికి లొంగలేదన్న కారణాన్ని బట్టి మానసిక జబ్బు ఉందని తేల్చకూడదు. 18వ సెక్షన్ ప్రకారం చికిత్సలో కులం పేరు మీద వివక్ష ఉండకూడదు. కార్ట్‌రైట్ చేసిన పని, బూత్ టక్కర్ చేసిన పని ఇప్పుడు మన దేశంలో చట్టవిరుద్ధం. జోగిని ఇక రాను అన్నప్పుడు 'దేవత పూనింది, పిచ్చి పట్టింది' అనేవాళ్లకు కూడా ఇదే జవాబు.

2025 జూలైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని, బోధన, బోధనేతర సిబ్బందికి ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఇతర అణగారిన పిల్లలతో వివక్ష లేకుండా మెలగడంలో శిక్షణ ఇవ్వాలని అందులో ఉంది. అంటే శిక్షణ ఇక జరిగి తీరాలి. కార్పొరేట్ కాలేజీలు ఏదో ఒక ఏజెన్సీతో రెండు గంటల పవర్‌పాయింట్ పెట్టించి ఫొటో దిగుతాయి. దాన్ని ఆపాలంటే మన దగ్గర మన పాఠం తయారుగా ఉండాలి. డిచ్‌పల్లి తెలంగాణ యూనివర్సిటీలో సోషల్ వర్క్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు, నిజామాబాద్ పట్టణంలో బీఈడీ చేసేవాళ్లు, గురుకులాల్లో పనిచేసేవాళ్లు నాకు రాయండి. మీ సిలబస్ కాపీలు పంపండి. ఏ పేపర్లో కులం ఎన్ని పేజీలుందో, అంబేద్కర్ ఉన్నాడో లేడో, కేస్ షీట్‌లో ఏ గడులున్నాయో చూద్దాం. వర్ని చుట్టుపక్కల చెల్లి నిలయం రోజులు గుర్తున్న పెద్దమ్మలు ఉంటే వాళ్ల మాట రికార్డు చేయండి. పేరు బయటపెట్టకుండా, వాళ్లు సరే అంటేనే.

వచ్చే భాగం బీడీ ఖార్ఖానాల మీద.